ఆట వెలుపలి ఆట

గుంటూరులో మా యింటికి రెండు వీధుల ఆవల, ఒక సైకిలు దుకాణము వెనుకనున్న ఇరుకుగదిలో, 1990 దశకము ముగియు రోజులలో నాలుగు వీడియో గేము యంత్రము లుండెడివి. గోడవైపు యంత్రముపై ‘కింగ్ ఆఫ్ ఫైటర్స్ 97’ ఆడుటకై, బడి విడిచినది మొదలు వీధిదీపములు వెలుగువరకు, చెమర్చిన అరచేతిలో రూపాయి బిళ్ళను పట్టుకొని వరుసలో నిలిచిన బాలురలో నేనొకడను. రూపాయికి ఒక ఆట. ఓడినవాడు లేచి వరుస చివరకు పోవలెను, గెలిచినవాడు కదలక కూర్చుండి తరువాతివానితో తలపడును. ఇట్టి నియమమున్నచోట గెలుపు గౌరవము మాత్రమే కాదు. మరల ఆడుటకు, మరల నేర్చుటకు లభించు హక్కు కూడ నదియే. ఆ హక్కును మాకెవ్వరికిని దక్కనీయక, సాయంకాలమంతయు ఒకే రూపాయితో గడిపెడి ఒక అన్న ఉండెడివాడు. ఇంటర్మీడియెట్ చదువుచుండెను, మాకంటె అయిదారేండ్లు పెద్ద. అతని చేతులు వడిగలవి కావు. నేను నేర్చిన కాంబోలలో, అనగా దెబ్బతో దెబ్బను ముడివేయు వరుసలలో, సగమైనను అతనికి రావు. అయినను నేనతనితో ఆడిన ప్రతి పర్యాయమును ఒకే తీరున ఓడుచుంటిని: అతడు నన్ను మెల్లమెల్లగా తెర మూలకు నెట్టును, నేను ముందుకు దొర్లి అతని వెనుకకు చేరి తప్పించుకొన జూతును, అతడు దెబ్బ కొట్టక ఒక్క లిప్త ఊరకుండి, దొర్లుచున్న నన్ను పట్టి విసరివేయును. ఆ ఆటలో దొర్లుచున్నవానికి దెబ్బ తగులదు, పట్టు మాత్రము తగులును. ఈ సంగతి నాకును తెలియును. తెలిసియు దొర్లుచునే యుంటిని.

“నీ చేతులు నాకంటే ఫాస్టేరా తమ్ముడూ,” అని ఒకనాడు వాకిట నిలిచి సోడా త్రాగుచు అతడు నాతో ననెను. “కానీ మూలకి పోగానే దొర్లుతావు. ప్రతిసారీ అంతే. నేను బొమ్మని చూసి ఆడట్లేదురా, నిన్ను చూసి ఆడుతున్నా.”

ఆ మాటలోని లోతు నాకు బోధపడుటకు చాల ఏండ్లు పట్టినది. ఈ అధ్యాయమంతయు దానికి వ్యాఖ్యానమనుకొన్నను నాకు సమ్మతమే.

ద్వంద్వయుద్ధపు వీడియో ఆటలను దూరమునుండి చూచువారు వానిని వ్రేళ్ళ చురుకుదనమునకు పెట్టిన పరీక్షలుగా తలంతురు. 1991లో కాప్‌కామ్ సంస్థ ‘స్ట్రీట్ ఫైటర్ 2’ను వెలువరించిన నాటినుండి నేటివరకు, ఇద్దరు మనుష్యులు ఒకే తెరకెదురుగా కూర్చుండి, చెరియొక యోధుని ఎన్నుకొని, ఎదుటివాని లైఫు గీతను ఖాళీ చేయుటకు పెనగులాడు ఈ క్రీడ బాహ్యరూపమున అంతగా మారలేదు, చూచువారి భ్రమయు మారలేదు. ఆ భ్రమను తొలగించుటకు చిన్న లెక్క చాలును. ఈ ఆటలలో తెరపై చిత్రము సెకనుకు 60 పర్యాయములు మారును. ఒక్కొక్క మార్పును ఆటగాండ్రు ఫ్రేము అందురు. సగటు మనుష్యుడు కంటితో చూచినదానికి వ్రేలితో బదులిచ్చుటకు సుమారు సెకనులో నాలుగవ వంతు, అనగా 15 ఫ్రేములు, పట్టును. 2023లో వచ్చిన ‘స్ట్రీట్ ఫైటర్ 6’లో వడిగల పిడిగ్రుద్దు 4 ఫ్రేములలోను, పట్టు 5 ఫ్రేములలోను తగులును. ఇక చూచి ఆపుట యెక్కడిది? కన్ను ఆ దెబ్బను మనస్సునకు తెలుపక మునుపే దెబ్బ పడియుండును. కావున అత్యుత్తమ క్రీడాకారుని నిర్ణయములలో అధికభాగము చూచి చేసినవి కావు, ముందుగా ఊహించి చేసినవి. ఆ ఊహకు ఆధారము తెరపైని బొమ్మ కాదు, ఆ బొమ్మను నడుపు మనుష్యుడు.

ఇచ్చట ఒక చిత్రమును గమనింపుడు. అదే ఆటలో ‘డ్రైవ్ ఇంపాక్ట్’ అను భారీ దెబ్బ కలదు; అది తగులుటకు 26 ఫ్రేములు పట్టును, తెరపై రంగులు చిమ్ముచు వచ్చును గనుక గ్రుడ్డివానికి తప్ప అందరికిని కనబడును, దానికి విరుగుడు రెండు బటన్లు నొక్కుటయే. లెక్క ప్రకారము అది ఎవ్వరికిని తగులరాదు. అయినను ప్రతిదినము వేలమందికి తగులుచున్నది! ఏలన, ఆ క్షణమున వారి మనస్సు మరియొకచోట నున్నది: ఎదుటివాడు ఎగురునేమో, పట్టునేమో, అగ్నిగోళము విసరునేమో యని నాలుగైదు ఆపదలను ఒకేమారు కాచుకొనుచున్నవానికి అయిదవదో ఆరవదో కనబడియు కనబడదు. ఈ భారమును ఆటగాండ్రు ‘మెంటల్ స్టాక్’ అని వ్యవహరింతురు. శత్రువు కంటె వేగముగా కదలుట యొక మార్గము. శత్రువు మనస్సుపై వాడు మోయలేనన్ని శంకలను పేర్చి వానిని నెమ్మదిపరచుట మరియొక మార్గము. మొదటిది వయస్సుతో తరుగును. రెండవది అభ్యాసముతో పెరుగును. నేను రెండవదానినే మీకు నేర్పదలచితిని.

జపానువారు ఎదుటివాని మనస్సును చదువుటను ‘యోమి’ యందురు. చదువుట యనియే ఆ మాటకర్థము. మన భాషలో ఎత్తుకు పైఎత్తు అను పలుకుబడి దీనికి మిక్కిలి దగ్గరిది. మీరు శత్రువును పడగొట్టితిరి, వాడు లేచుచున్నాడు. లేచువానిని కొట్టుట మీ మొదటి ఎత్తు. వాడది యెరిగి, లేచుచునే పైకెగసి గ్రుద్దు ‘షోర్యుకెన్’ను ప్రయోగించును, అది పైఎత్తు. దాని నెరిగిన మీరు కొట్టక, కాచుకొని నిలిచి, గురితప్పి గాలిలో తేలిన వానిని క్రిందికి దిగునప్పుడు తీరుబడిగా శిక్షింతురు. ఇదియు నెరిగిన వాడు ఎగయక, కాచుకొని నిలిచిన మిమ్ములను పట్టి విసరును. మరి దీనికి విరుగుడేమి? లేచువానిని కొట్టుట, అనగా మీ మొదటి ఎత్తే! వలయము పూర్తి యైనది. అమెరికా దేశీయుడైన డేవిడ్ సర్లిన్, తాను పోటీలలో పాల్గొనినవాడును ఆటలను రచించినవాడును, 2006లో ప్రకటించిన తన గ్రంథమున ఈ సంగతిని చక్కగా వివరించినాడు: మూడు మెట్లవరకు ఆలోచించిన చాలును, నాలుగవ మెట్టు మిమ్ములను మొదటి మెట్టుకే చేర్చును. కావున పది యెత్తులు ముందుకు చూడలేకపోతినే యని క్రొత్తవాడు దిగులు చెందవలసిన పనిలేదు. ఎదుటివాడిప్పు డే మెట్టుపై నిలిచియున్నాడో తెలిసికొని, దానికి సరిగా ఒక్క మెట్టు పైన నిలుచుట కావలెను. రెండు మెట్లు పైకి పోయినవాడును ఓడును; మూర్ఖునితో ఆడి మహామేధావులు ఓడుటకు కారణ మిదియే.

అయితే ఇది గాలిలో విసరిన నాణెము వంటిదే గదా, ఊహ సగము ఫలించును సగము తప్పును, ఇందు విద్య యేమున్నది అని మీరడుగవచ్చును. ఈ ప్రశ్నకు సమాధానముగా ఒక లెక్క వేసి చూతము. అంకెలు సౌలభ్యము కొరకు నేను కల్పించుకొన్నవే గాని, లెక్క తీరు యథార్థము. మీరు ప్రత్యర్థిని మూలకు నెట్టితిరి. మీకు రెండు దారులు: పట్టి విసరుట, లేక ఒక్క లిప్త ఆగి దెబ్బ కొట్టుట. వానికిని రెండే దారులు: కాచుకొని నిలుచుట, లేక పట్టును విడిపించుకొనుటకై బటన్లు నొక్కుట. వాడు కాచుకొన్నచో మీ దెబ్బ వ్యర్థము, పట్టు మాత్రము ఫలించి వాని లైఫులో 10 పాళ్ళు పోవును. వాడు విడిపించుకొన జూచినచో మీ పట్టు వ్యర్థము, ఆగి కొట్టిన దెబ్బ తగిలి దానివెంట కాంబో యంతయు నడచి 30 పాళ్ళు పోవును. మీరెట్లాడవలెను? క్రొత్తవాడు 30 పాళ్ళ లాభమును చూచి దెబ్బనే తరచుగా ఎన్నుకొనును. లెక్క అందుకు విరుద్ధముగా చెప్పుచున్నది: నాలుగింట మూడు మారులు పట్టవలెను, ఒక్కమారు కొట్టవలెను. అప్పుడు వాడు కాచుకొన్నను విడిపించుకొన జూచినను సగటున ప్రతి పర్యాయమునకు ఏడున్నర పాళ్ళు పోగొట్టుకొనును. తప్పించుకొను త్రోవ లేదు. కాచుకొనువానికిని ఇట్టి నియమమే వర్తించును. నాలుగింట మూడు మారులు వాడు కాచుకొని, పట్టు తగిలినను ఓర్చుకొని, ఒక్కమారే విడిపించుకొన జూడవలెను. ద్వంద్వక్రీడలలో ఇట్టి సమతూకము తప్పక ఉండునని గణితశాస్త్రజ్ఞుడు జాన్ వాన్ నాయ్‌మన్ 1928లోనే నిరూపించెను. 1944లో మార్గెన్‌స్టెర్న్ అను అర్థశాస్త్రజ్ఞునితో కలసి అతడు వ్రాసిన గ్రంథము ఒక శాస్త్రమునకే మూలమైనది. గుంటూరులో సోడా త్రాగుచుండిన ఆ యన్నకు ఆ పేర్లు తెలియవు. సమతూకము మాత్రము చేతులకు తెలిసియుండెను.

ఈ లెక్కలో నాకు మిక్కిలి ప్రియమైన విషయ మొకటి కలదు. పెద్ద దెబ్బ తన పనిని ఎక్కువగా తగులకయే చేయుచున్నది. 30 పాళ్ళ భయము ఎదుటివానిని కదలనీయక కట్టివేయుచున్నది గనుకనే 10 పాళ్ళ పట్టు మరల మరల ఫలించుచున్నది. భయపెట్టు ఎత్తును ఒక్కమారైనను ప్రయోగించి చూపవలెను. చూపిన పిదప దానిని దాచుకొనవలెను. అట్లే రెండవ వైపునుండి చూచినచో, చిన్న నష్టమును ఓర్చుకొనలేనివాడే పెద్ద నష్టమునకు గురియగును. రెండుమారులు వరుసగా పట్టుబడి విసరబడినవానికి మూడవమారు రోషము వచ్చును. ఆ రోషమే వాని వ్రేలిని బటనుపైకి త్రోయును; అదియే మీరు ఆగి కొట్టవలసిన సమయము. లెక్క చెప్పినట్లు నాలుగింట మూడని యంత్రమువలె ఆడగల మనుష్యుడు నాకింతవరకు తారసపడలేదు. ప్రతివాడును ఆ సమతూకమునుండి తన స్వభావము వైపునకు కొంత ఒరగియుండును; ఆ ఒరుగును కనిపెట్టుటయే చదువుట.

చదువుటకు పరాకాష్ఠ యనదగిన ఒక ఘట్టమును ఇచ్చట స్మరింపక పోజాలను. 2004వ సంవత్సరము, కాలిఫోర్నియాలోని పొమోనా యందు జరిగిన ‘ఎవో’ పోటీ. ఆట ‘స్ట్రీట్ ఫైటర్ 3: థర్డ్ స్ట్రైక్’. ఒకవైపు జపాను దేశీయుడు డైగో ఉమెహరా, వాని యోధుడు కెన్. మరియొకవైపు అమెరికా దేశీయుడు జస్టిన్ వాంగ్, వాని యోధురాలు చున్-లీ. ఉమెహరా లైఫు గీత వెంట్రుకవాసి మిగిలియున్నది. ఆ ఆటలో ప్రత్యేకమైన దెబ్బను కాచుకొన్నను కొంత లైఫు తరుగును; కావున చున్-లీ మహాప్రయోగము తగిలినను, కాచుకొన్నను మరణమే. మిగిలినది ఒక్కటే మార్గము, ‘ప్యారీ’; అనగా దెబ్బ తాకు లిప్తలోనే శత్రువు వైపునకు జాయ్‌స్టిక్కును నొక్కి, దానిని హాని లేకుండ త్రోసిపుచ్చుట. చున్-లీ ప్రయోగములో 15 దెబ్బలు కలవు. ఉమెహరా ఆ 15ను ఒకటి వెంట నొకటిగా, చివరిదానిని గాలిలోనికెగిరి, త్రోసిపుచ్చి, దిగినదే తడవుగా ఎదురుదెబ్బలు కురిపించి ఆ రౌండును గెలిచెను. ఆ గదిలో లేచిన కేకలను నేను నేటికిని ఆ దృశ్యమును చూచినప్పుడెల్ల ఒడలు పులకింప వినుచుందును.

అందరును ఆ 15 త్రోపులను మెచ్చుకొందురు. నేను మెచ్చుకొనునది మొదటి త్రోపునకు మునుపటి కొన్ని సెకనులను. ఆ ప్రయోగము ఆరంభమగు మెరుపు తెరపై కనబడిన పిదప స్పందించుటకు వ్యవధి చాలదు. మొదటి దెబ్బను త్రోయుటకు దానిని ముందే ఎదురు చూచుచుండవలెను. ఆ కొన్ని సెకనులలో కెన్ దూరముగా నిలిచి, కొంచెము ముందుకును కొంచెము వెనుకకును కదలుచుండెను. శత్రువునకు అట్టి స్థితిలో ఇంతకంటె సులువైన ముగింపు వేరొకటి కనబడదు. లైఫు వెంట్రుకవాసి, ప్రయోగము సిద్ధము, కాచుకొన్నను మరణము. ఆ సులువే ఆ ఎత్తును పిలిచినది. ప్రత్యర్థికి మిక్కిలి లాభకరముగా తోచు దారి ఏదో మీకు తెలిసినప్పుడు, వాడు రాబోవు దారియు మీకు తెలిసినట్లే. ఆనాటి అంతిమపోరులో ఉమెహరా కెంజీ ఒబాటా అను మరియొక జపానీయుని చేత ఓడిపోయెను. ఈ సంగతి పలువురు మరచిరి. నేను మాత్రము నా వద్ద నేర్చుకొనువారికి తప్పక చెప్పుదును. ఒకనిని అంత లోతుగా చదివినవాడు మరుసటి గడియలో వేరొకని చదువలేక పోవచ్చును. ప్రతి మనుష్యుడును ఒక క్రొత్త పుస్తకమే.

ఇంతవరకు చెప్పినది ఇద్దరి నడుమ జరుగు ఆట. ఇక ఆట వెలుపలి ఆటను గూర్చి. ఆటగాండ్రు దీనిని ‘మెటాగేమ్’ అనియు, పొట్టిగా ‘మెటా’ యనియు అందురు. ఎవరు ఏ యోధుని ఎన్నుకొనుచున్నారు, ఏ ఎత్తు నేడు అందరి నోటను నానుచున్నది, ఏ ఎత్తుకు విరుగుడు అందరికిని తెలిసిపోయినది, నేను దేనికి సిద్ధపడి వచ్చితినని ఎదుటివాడు తలంచుచున్నాడు – యంత్రములో ఎక్కడను వ్రాసియుండని ఈ జ్ఞానమంతయు మెటాయే. పులిజూదమున పులులు మూడు, మేకలు పదిహేను. నియమములు ఏ ఊరికాయూరు దాదాపొకటే. కాని మా తాతగారి ఊరి రచ్చబండపై ఆడువారందరును ఒకే మూలనుండి మేకలను దించుట ఆరంభించెడివారు. పొరుగూరివాడు వచ్చి వేరొక మూలనుండి దించినప్పుడు నెలదినములు వారికి గెలుపు లేదు. పలకపై గీతలు మారలేదు, మారినది ఊరివారి అలవాటు. ఆ అలవాటే మెటా.

దీనికి వీడియో ఆటలలో ప్రసిద్ధమైన దృష్టాంతము 2000లో వచ్చిన ‘మార్వెల్ వర్సెస్ కాప్‌కామ్ 2’. అందు 56 మంది యోధులు కలరు. ఆడువారు ఏండ్లతరబడి మథించి మథించి చూడగా, పెద్ద పోటీలలో నిలువదగినవారుగా మాగ్నీటో, స్టార్మ్, సెంటినెల్, కేబుల్ మొదలగు కొలదిమందియే తేలిరి. ఆట విడుదలైన నాడు ఈ సంగతి ఎవ్వరికిని తెలియదు. ఆటను నిర్మించినవారికిని తెలిసియుండునని నేననుకొనను. ‘స్ట్రీట్ ఫైటర్ 2’లో ఒక దెబ్బను మరియొక దెబ్బతో ముడివేయు కాంబోయే నిర్మాతలు పనిగట్టుకొని పెట్టినది కాదు, యాదృచ్ఛికముగా తోచినది, నేడు ఆ ప్రక్రియకంతకును అదియే వెన్నెముక. ఆటను యంత్రము సృష్టింపగా, ఆటయొక్క అర్థమును ఆడు జనసమూహము సృష్టించుచున్నది.

సమూహము అర్థమును సృష్టించునప్పుడు అడ్డుగోడలను కూడ కట్టుకొనును. మా గుంటూరు గదిలో ఒక అలిఖిత శాసనముండెడిది: త్రో కొట్టరాదు. పట్టి విసరినవానిని పిరికివాడనిరి, మోసగాడనిరి, ఒకరిద్దరు తన్నులును తినిరి. ఆ యన్న ఒక్కడే వయస్సు బలముచేత ఆ శాసనమును లెక్కచేయక విసరుచుండెను; అతని వెనుక మేమందరము “చీటింగ్” అని గొణిగితిమి. నేడు తలచుకొన్నచో నా మనస్సు కలుక్కుమనును. కాచుకొని కూర్చున్నవానికి పట్టు విరుగుడుగా నిర్మింపబడినది. ఆ విరుగుడును మేమే నిషేధించుకొని, మూలన కూర్చుండి కాచుకొనువాడే గెలుచునట్టి నిస్సారమైన ఆటను ఏండ్లతరబడి ఆడితిమి. సర్లిన్ గ్రంథమునకు ప్రధానవిషయము కూడ నిదియే. లేని నియమములను తనకు తానే విధించుకొని, వాటిని పాటింపనివానిచేత ఓడి, ధర్మము తనదేయని తృప్తి చెందువాడు ఎన్నటికిని ఎదుగడని అతడు కఠినముగా వ్రాసెను. నేనాతనితో ఏకీభవింతును, ఒక్క సవరణతో. సమూహమంతయు కూడి, అందరికిని వర్తించునట్లు బహిరంగముగా చేసికొన్న కట్టడి వేరు. 1994 నాటి ‘సూపర్ స్ట్రీట్ ఫైటర్ 2 టర్బో’లో అకుమా అను రహస్యయోధుడు గాలిలోనుండి విసరు అగ్నిగోళములకు ఇతరుల వద్ద సమాధానమే లేకపోవుటచేత, పోటీలలో అతనిని నిషేధించిరి. ఆటను బ్రతికించుటకు చేసిన శాసనమది. ఓటమి రుచింపక మేము చేసికొన్న శాసనము అట్టిది కాదు. మిమ్ములను ఎవడైన ఒక ఎత్తుతో మరల మరల ఓడించుచున్నచో, దానిని నిందించుటకు మునుపు ఒక సాయంకాలము సాధన గదిలో కూర్చుండి, ఆ ఎత్తునే యంత్రము చేత వందసార్లు చేయించి విరుగుడు వెదకుడు. నా యనుభవమున పదింట తొమ్మిదిమారులు అది దొరకును.

ఇక ఈ అధ్యాయమునకు హృదయమైన మాటకు వచ్చుచున్నాను. మెటా యనునది సమూహము యొక్క అలవాటైనప్పుడు, ఒక సమూహము కంట పడకుండ మరియొక సమూహము పెరిగినచో ఏమగును? 2019 ఫిబ్రవరిలో జపానులోని ఫుకుఓకా నగరమున జరిగిన ‘ఎవో జపాన్’లో ‘టెక్కెన్ 7’ పోటీకి పాకిస్తానులోని లాహోరునుండి అర్సలాన్ యాష్ అను యువకుడు వచ్చెను. ఆనాటికి టెక్కెన్ అనిన కొరియా, జపాను అని లోకమంతయు నమ్మియుండెను. అచ్చటి ఉద్దండుల ఆటతీరులను ప్రపంచములోని ఆటగాండ్రందరును దృశ్యములలో చూచి చూచి కంఠస్థము చేసియుండిరి. లాహోరువారి ఆటను చూచినవాడు లేడు. అతడు గెలిచెను. గెలిచిన పిదప, మా దేశమున నాకు దీటైనవారు ఇంకను కలరని ప్రకటించెను. విన్నవారిలో కొందరు నమ్మలేదు. అదే సంవత్సరము ఆగస్టులో లాస్ వేగాస్ నగరమున ఎవో పోటీని కూడ అతడే గెలిచెను. అంతిమపోరులో అతని చేత ఓడినవాడు ‘నీ’ అను ఆటపేరుతో ప్రఖ్యాతుడైన కొరియా దేశీయుడు బే జే-మిన్. పిదప 2023 ఫిబ్రవరిలో, ఆమ్‌స్టర్‌డామ్‌లో జరిగిన టెక్కెన్ ప్రపంచ పర్యటన అంతిమపోటీని ఆతిఫ్ బట్ అను మరియొక పాకిస్తానీయుడు గెలుచుటతో, ఆ మాట అతిశయోక్తి కాదని అందరికిని తెలిసివచ్చెను.

ఈ కథను దారిద్ర్యముపై ప్రతిభ సాధించిన విజయముగా చెప్పుకొనువారు కలరు. అది నిజమే కావచ్చును గాని, అందు మనము నేర్వదగినది వేరొకటి కలదు. లోకము వారిని చదువలేదు. వారు లోకమును చదివిరి. కొరియావారి ప్రతి యెత్తును లాహోరులో కూర్చుండి తెరపై చూడగలిగెడివారు, లాహోరువారి యెత్తులు కొరియాకు చేరెడివి కావు. ఆ అసమానతయే వారి పెట్టుబడి. దీనికి విరుగుడు కనిపెట్టినవాడెవడో చెప్పుదును వినుడు: ఆ బే జే-మినే. ఆటలో ఎన్నో బిరుదములు గడించిన ఆ గురుస్థానీయుడు, ఫుకుఓకా సంచలనము తరువాత స్వయముగా పాకిస్తానుకు ప్రయాణము చేసి, అచ్చటి యువకుల ప్రక్కన కూర్చుండి వారితో ఆడెను. ఎవరి అలవాటులు తనకు తెలియవో వారి గదికే పోయి కూర్చుండెను! నేను చెప్పగల సాధనలలో దీనికి మించినది లేదు. మీ ఊరిలో, మీ బృందములో, ఇంటర్నెట్‌పై మీకు నిత్యము తారసపడువారిలో మీరు మొదటివారైనచో, మీరు నేర్చినది ఆ గది యొక్క మెటా మాత్రమే యని తెలిసికొనుడు. మిమ్ములను ఓడించువారున్న మరియొక గదిని వెదకికొనుడు.

సాధనను గూర్చి అడుగువారికి నేను చెప్పునది కొంచెమే. నేటి ఆటలన్నియు మీరాడిన పోరాటములను భద్రపరచును. వానిని చూడుడు, కాని గెలిచినవానిని కాదు. ఓడినదానిని చూచునప్పుడును ఎదుటివాని గొప్పతనమును కాక, మీ మూడు స్థితులను మాత్రమే గమనింపుడు: పడి లేచునప్పుడు ఏమి చేసితిరి, మూలకు చిక్కినప్పుడు ఏమి చేసితిరి, లైఫు తక్కువైనప్పుడు ఏమి చేసితిరి. ఒక రూళ్ళ పుస్తకములో గీతలు గీసి లెక్క వేయుడు. మనుష్యుడు తీరుబడిగా నున్నప్పుడు తన జ్ఞానముతో ఆడును, ఇరుకున పడినప్పుడు తన అలవాటుతో ఆడును. మీ శత్రువు చదువునది ఆ రెండవదానినే. ఇంకొక్క మాట: సంస్థలు నేడు ఇంటర్నెట్ ద్వారమున ఆటలను మధ్య మధ్య సవరించుచు ఒక యోధుని బలమును తగ్గించి మరియొకని బలమును పెంచుచుండును గనుక, నిరుడు కంఠస్థము చేసినది నేడు చెల్లకపోవచ్చును, మనుష్యులను చదువు విద్యకు మాత్రము అట్టి సవరణ యేదియు తగులదు.

వయస్సు మీరినదని సందేహించువారి కొరకు ఒక ఉదాహరణము. 2023లో హాంగ్‌ఝౌ నగరమున జరిగిన ఆసియా క్రీడలలో ‘స్ట్రీట్ ఫైటర్ 5’ పతకపు పోటీగా నడచినది. మన దేశమునుండియు ఇద్దరు అందు పాల్గొనిరి. బంగారు పతకమును పొందినవాడు కొరియా దేశీయుడు కిమ్ గ్వాన్-ఊ. అప్పటికి అతని వయస్సు 44 సంవత్సరములు. నేనును ఆ వయస్సు వైపునకే నడచుచున్నవాడను. ఆ వార్త చదివిన సాయంకాలము నేను దాచియుంచిన రూళ్ళ పుస్తకమును బయటకు తీసి, గడచిన వారమున ‘స్ట్రీట్ ఫైటర్ 6’లో నేనోడిన పోరాటములను చూచుచు గీతలు గీయ నారంభించితిని. పడి లేచునప్పటి గడిలో గీతలు చెదరియున్నవి, అది మంచిదే. లైఫు తక్కువైనప్పటి గడియు ఫరవాలేదు. మూలకు చిక్కినప్పటి గడిలో ‘ఎగురుట’ అను వరుసకెదురుగా గీతలు కట్టలు కట్టలుగా నిలిచియుండెను. తక్కిన వరుసలు దాదాపు శూన్యములు. ఈ ఆటలో ముందుకు దొర్లు ఎత్తు లేదు. ఉండినచో దొర్లియుందును. ఆ రాత్రి సాధన గదిలో యంత్రపు బొమ్మను నా ఎదుట నిలిపి, నన్ను మూలకు నెట్టుకొని, ఏ బటనును నొక్కక, కాచుకొని మాత్రమే నిలుచుట అభ్యసించితిని. బొమ్మ నన్ను పట్టి విసరెను. లేచి మరల కాచుకొంటిని.